పదిహేను ప్రదక్షిణల వైద్యం

ఇక మనం నిశ్చింతగా ఉండొచ్చు. విండోస్ తన జబ్బు తానే నయం చేసుకుంటుందట. లేవబోయి కూలి, మళ్లీ లేవబోయి కూలే కంప్యూటర్ దానంతటదే రికవరీలోకి వెళ్లి, నెట్ అందుకుని, మైక్రోసాఫ్ట్ సర్వర్‌ని మందు అడిగి తెచ్చుకుంటుందట. దానికి ‘క్విక్ మెషీన్ రికవరీ’ అని నామకరణం చేశారు. పనిలో పనిగా ఏళ్లనాటి నీలి తెర తీసేసి నల్ల తెర కట్టారు. 2024 జూలై 19కి సంతాపం కాబోలు. ఆ రోజు భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఫైలు ఒకటి 85 లక్షల కంప్యూటర్లను పడగొడితే, మొత్తం విండోస్ యంత్రాల్లో అవి ఒక శాతం కూడా కావని లెక్క చెప్పింది మైక్రోసాఫ్టే. విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఆ ఒక శాతంలోపే ఉన్నాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

కొత్త వైద్యానికి చప్పట్లు కొట్టేముందు పాత వైద్యం సంగతి చూడాలి. తన అజ్యూర్ క్లౌడ్‌లో కూలిన యంత్రాలను రీస్టార్ట్ చేస్తూనే ఉండండి, కొందరికి 15 సార్లు అవసరమైంది అని మైక్రోసాఫ్ట్ అధికారికంగానే చెప్పింది. చిలుకూరు బాలాజీ 11 ప్రదక్షిణలకే వీసా ఇప్పిస్తాడని మనవాళ్ల నమ్మకం. అజ్యూర్ ఇంకో నాలుగు ఎక్కువ చేయించింది.

దీని వెనక శాస్త్రం లేకపోలేదు. తప్పుడు ఫైలును క్రౌడ్‌స్ట్రైక్ 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుని మంచిది పెట్టింది. యంత్రం లేచే కొద్ది క్షణాల్లో, క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్ పాడు ఫైలు చదివి కూలేలోపు మంచి ఫైలు నెట్‌లోంచి దిగితే బతికింది, లేదంటే పోయింది. పందెం గెలిచేదాకా మీట నొక్కుతూ ఉండటమే చికిత్స. పోనీ, ఇన్నిసార్లు పడి యంత్రం ఏమైనా నేర్చుకుందా? 14 సార్లు తనను కూల్చిన డ్రైవర్‌నే 15వ సారి కూడా అంతే నమ్మకంగా ఎక్కించుకుంది.

నవ్వు ఇక్కడితో చాలు. కూల్చింది ఎవరో యంత్రానికి తెలుసు, ‘సీఎస్‌ఏజెంట్.సిస్’ అని క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్ పేరు ఆ నీలి తెర మీదే రాసింది. ఆ డ్రైవర్ లేకుండా లేవడమూ తెలుసు. సేఫ్ మోడ్‌లో చక్కగా లేచింది. తెలిసిన ఈ రెండు విషయాలనూ కలిపే పని మాత్రం మనిషికి వదిలేసింది. సాంకేతిక సిబ్బంది ఒక్కో యంత్రం దగ్గరికి వెళ్లి, బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల కీ కొట్టి, ఒక ఫైలు చెరపాల్సి వచ్చింది. ఇది సిగ్గుపడాల్సిన డిజైన్. లైనక్స్‌లో బూట్ ఆదేశంలో ఫలానా డ్రైవర్ వద్దని రాస్తే దాన్ని ఎక్కించదు; వ్యవస్థకు గుండెలాంటి కెర్నెల్ కొత్తది కూలితే పాతది మెనూలోనే ఉంటుంది. అదీ మనిషి చేతిపనే, కానీ తలుపంటూ ఒకటి తెరిచి ఉంది.

కూలిన భద్రతా డ్రైవర్‌ను యంత్రం వదిలేస్తే దొంగలు కావాలనే దాన్ని కూల్చి లోపలికి వస్తారు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కాపలాదారును తీసేయమని ఎవరన్నారు? కొత్త ఫైలు 21 అంశాలు ఉన్నాయనుకుంది, డ్రైవర్ 20 మాత్రమే అందించింది. లేని 21వ దాన్ని చదవబోయి కెర్నెల్ కూలింది. డ్రైవర్ మారలేదు, ఫైలు మారింది. నిన్నటి ఫైలుతో అదే డ్రైవర్‌ను నడిపితే కాపలా ఒక్క రోజు పాతబడేది, అంతే. ఇక యూరప్‌తో 2009లో కుదిరిన ఒప్పందం ఇతరులను కెర్నెల్‌లోంచి పంపకుండా తమ చేతులు కట్టేసిందన్నది మైక్రోసాఫ్ట్ సాకు. తన భద్రతా ఉత్పత్తులకున్న సదుపాయాలే ఇతరులకూ ఇవ్వాలన్నది ఆ ఒప్పందం. తన యాంటీవైరస్ డిఫెండర్‌ను కెర్నెల్ బయటికి తెచ్చుకుని ఇతరులనూ రమ్మంటే ఎవరు కాదన్నారు?

కొత్త వైద్యం ఈ రోగానికి సరిపోదు. నెట్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ రోగం కనుక్కుని మందు తయారుచేసి ఉండాలి, అప్పటిదాకా యంత్రం పడుండాల్సిందే. పైగా హోమ్ ఎడిషన్‌లో అది ముందే ఆన్ అయి ఉంటుంది, కంపెనీ యంత్రాల్లో అడ్మిన్ పూనుకోవాలి. ఆ రోజు కూలినవి ఏవి? కంపెనీ యంత్రాలే. కావలసింది ఇంతకంటే చిన్నది. ఒక డ్రైవర్ వరసగా రెండుసార్లు బూట్‌ను కూలిస్తే మూడోసారి పాత ఫైలుతోనే ఎక్కించాలి. అదీ కూలితే పేరు చెప్పి, ఆగి, మనిషిని అడగాలి. దీనికి నెట్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. పాత ఫైలు దాచుకోని డ్రైవర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం ఇవ్వకూడదు. ఆ సంతకం లేకుండా ఏ కొత్త డ్రైవరూ విండోస్ కెర్నెల్‌లోకి రాకూడదన్న నియమం మైక్రోసాఫ్ట్‌దే కదా.