బీన్స్ కూర, జీడిపప్పు: ఒక గృహస్థుడి ఫిర్యాదు

మహాజనులకు, నౌపడ కాపురస్తుడు, ఇంటిపన్ను బకాయి లేనివాడు, పెట్టింది తినేవాడు అయిన ఒక గృహస్థుడు చేసుకునే విన్నపం ఏమనగా:

మాకు ఒకపక్క పలాస, కాశీబుగ్గ. అక్కడంతా జీడి ఫ్యాక్టరీలు. ఇంకోపక్క ఉద్దానం జీడితోటలు. ఊళ్ళోనే ఉప్పుమడులు. బీన్స్ ఒక్కటే పైనుంచి రావాలి. అంటే బీన్స్ జీడిపప్పు కూరలో పరాయిది బీన్స్, సొంతది జీడిపప్పు. మా ఇంటి కూరలో మాత్రం అంతా పరాయిదే. సొంతదాని జాడ లేదు.

వంట కష్టమా అంటే అదీ కాదు. బీన్స్ చివర్లు తుంచి, పీచు లాగి, సన్నగా తరిగి, ఉప్పేసిన మరుగునీళ్ళలో పచ్చరంగు పోకుండా ఉడికించి వార్చుకోవాలి. మూకుట్లో చెంచాడు నెయ్యి వేసి, జీడిపప్పును సన్నసెగన వేపాలి. రంగు మారగానే పళ్ళెంలోకి తీసేయాలి; మూకుట్లో ఉంచితే ఆ వేడికే మాడుతుంది. అదే మూకుట్లో కాస్త నూనె పోసి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, బీన్స్ వేసి తడి ఆరేదాకా వేపాలి. జీడిపప్పు మాత్రం దించేముందే కలపాలి. ముందే కలిపితే మెత్తబడుతుంది.

ఈ పద్ధతిలో ఒకటే లోపం. పప్పు పళ్ళెంలోకి తీయడానికీ కూరలో కలపడానికీ నడుమ కాస్త వ్యవధి ఉంది. సరిగ్గా అప్పుడే మా పెద్దాడికి దాహమేస్తుంది. చిన్నదాని పెన్సిలు వంటింట్లోనే పోతుంది. మా అమ్మ ఉప్పు చూస్తానని వస్తుంది. ఉత్త జీడిపప్పులో ఉప్పు చూడ్డమేమిటో అడిగే ధైర్యం ఈ ఫిర్యాదికి లేదు.

అసలు పళ్ళెందాకా వచ్చేదే ముక్క. జీడిపప్పుకు గ్రేడులున్నాయి. 180 అంటే పౌనుకు 180కి మించకుండా తూగే పెద్ద గుండు. 240, 320 అని అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. మా ఇంట్లో గుండు చుట్టాలకు, బద్ద దేవుడి పాయసానికి, ముక్క యజమానికి. కూరలోకి నాలుగు గుండ్లు అడిగితే మా ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే: “ఏటండీ, రేపు ఎవరైనా వస్తే వాళ్ళకేటి పెట్టమంటారు?”

వస్తారు కూడా. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడకు చిన్న రైలు వేయించినప్పుడే చుట్టాలకు దారి పడింది. ఇప్పుడు పెద్ద పట్టాలు. హైదరాబాదు చుట్టాలైతే రానక్కర్లేదు, ఫోన్ చాలు: “పలాస మీ పక్కనే కదా బావా, రెండు కేజీలు పంపించు.” తోట నాదీ కాదు, ఫ్యాక్టరీ నాదీ కాదు. పక్కనుంటే ఊరికే వస్తుందని వీళ్ళకెవరు చెప్పారో!

ఊరికే ఏదీ రాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడిచెట్లనూ కొబ్బరిచెట్లనూ కూకటివేళ్ళతో పెరికేసింది. మళ్ళీ మొక్క నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది. కాసిన పిక్కను కాల్చో ఆవిరి పట్టో పెంకు కొట్టాలి. ఆ పెంకులోని జీడినూనె తగిలితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. ఆపైన ఆరబెట్టి, పప్పు విరక్కుండా పొట్టు ఒలవాలి. ఆ ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళు చూసినవాడు “ఊరికే పంపించు” అనడు.

ఉప్పు మీద పన్ను వద్దని గాంధీగారు 1930లో దండికి నడిచారు. మా ఇంటి జీడిపప్పు ఆంక్షల మీద నడిచే నాయకుడు లేడు. నేనే నడుద్దామంటే వంటింటి గడప దగ్గరే ఆపేస్తున్నారు.

కావున మనవి. పలాస జీడిపప్పు కావలసిన బంధుమిత్రులు స్వయంగా వచ్చి, కాశీబుగ్గ బజారులో డబ్బిచ్చి కొనుక్కోవలెను. పోతూపోతూ మా ఇంటికి భోజనానికి రావచ్చు, అభ్యంతరం లేదు. ఆ పూటైనా బీన్స్ కూరలో గుండు జీడిపప్పు పడుతుంది.