సబ్బా

నా ఎత్తు 12 అడుగులు. బరువు ఆరు టన్నుల పైమాటే. అడుగుభాగం వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. తలకిందులు చేసిన ఇంగ్లీషు ‘టీ’ అక్షరంలా ఉంటానని అమెరికా సైనికులు నన్ను ‘టీ వాల్’ అన్నారు. బాగ్దాదు జనం మాత్రం ‘సబ్బా’ అంటారు. పోతపోసింది అని అర్థం.

నన్ను పోసినవాళ్లు ఇరాకీలే. నా మీద గోనెపట్టాలు కప్పి రోజూ నీళ్లు కొట్టిన కూలీ అంతకుముందు సైన్యంలో ఉండేవాడు. 2003 మే నెలలో అమెరికా అధికారి పాల్ బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేస్తే జీతం పోయిన లక్షల మందిలో అతనొకడు. ఊళ్లో వేరే పని లేదు. తన ఊరిని రెండుగా కోసే గోడకి తన చేత్తో నీళ్లు పోశాడు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. అతని మీద నాకెప్పుడూ కోపం రాలేదు.

2007 ఏప్రిల్‌లో ఓ రాత్రి నన్ను ట్రాలీ మీద ఆజమియాకి తెచ్చారు. టైగ్రిస్ నది ఒడ్డున పాత మొహల్లా అది. ఇమామె ఆజం అబూ హనీఫా సమాధి అక్కడే ఉంది. మొహల్లాకి ఆ పేరు ఆయన బిరుదు నుంచే వచ్చింది. మీ హైదరాబాదులో హనఫీ పద్ధతిలో నమాజు చేసే ప్రతివాళ్లకూ ఆ పెద్దాయన తెలుసు. కర్ఫ్యూ చీకట్లో క్రేను నన్ను ఎత్తి రోడ్డు మధ్యలో దించింది. నా పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి. అలా దాదాపు అయిదు కిలోమీటర్లు. లోపల సున్నీలు, తూర్పువైపు షియాలు. ఒకరినొకరు చంపుకోకుండా కాపాడటానికే మేమన్నారు.

చంపుకోవడం అబద్ధం కాదు. ముందు ఏడాది ఫిబ్రవరిలో సమర్రాలో షియాల పవిత్ర మందిరాన్ని పేల్చేశాక బాగ్దాదులో రోజూ శవాలు దొరికేవి. కానీ 2005 ఆగస్టు 31ని ఆజమియావాళ్లు మర్చిపోలేదు. ఆ రోజు షియా యాత్రికులు ఇమాముల వంతెన మీదుగా అవతలి ఒడ్డున ఉన్న కాజిమియాకి వెళ్తుంటే, గుంపులో ఆత్మాహుతి బాంబరున్నాడని పుకారు లేచింది. తొక్కిసలాటలో, నదిలో పడి దాదాపు వెయ్యిమంది పోయారు. ఆజమియా కుర్రాడు ఉస్మాన్ అల్ ఉబైదీ, సున్నీ, నదిలోకి దూకి ఒకరి తర్వాత ఒకరిని ఒడ్డుకి చేర్చాడు. చివరికి అలసిపోయి తానూ మునిగిపోయాడు. అలాంటి కుర్రాణ్ణి కన్న మొహల్లాని, గోడ కావాలా అని ఒక్కరూ అడగలేదు. నన్ను దించిన రాత్రి కిటికీ తెరలు కొద్దిగా కదిలాయి, అంతే.

పగలు మాత్రం జనం ఊరుకోలేదు. ఏప్రిల్ 23న వీధిలోకొచ్చారు. మాకు జైలు కడుతున్నారన్నారు. ముసలివాళ్లు, టీచర్లు, కొట్లు మూసుకొచ్చిన వ్యాపారులు. ప్రధాని నూరీ అల్ మాలికీ అంతకు ముందురోజే కైరోలో గోడ పని ఆపమన్నట్టు చెప్పారు. ఆపింది లేదు. మే నెల దాటేలోగా ఆజమియా చుట్టుకుపోయింది. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా చెక్‌పోస్టు, తనిఖీ, గంటల క్యూ.

నన్ను తాకుతూ ఎన్ని బతుకులు నడిచాయో. రొట్టెల బట్టీ నాకు అవతల పడింది. ఇవతలివాళ్లకి వాసన వచ్చేది, రొట్టె వచ్చేది కాదు. ఒకావిడ పొద్దున్నే లేచి నా పక్కనే నడుచుకుంటూ చెక్‌పోస్టుకి వెళ్లేది. తిరిగొచ్చేసరికి సంచిలో రొట్టెలు చల్లారిపోయేవి. చావు కబురు రాసిన నల్లగుడ్డలు నా మీదే కట్టేవాళ్లు. ఎండకి వెలిసిన గుడ్డ మీద కొత్తది. కరెంటు రోజుకి కొన్ని గంటలే. మిగతా సమయమంతా మొహల్లా జనరేటరు నుంచి ఆంపియర్ల లెక్కన కొనుక్కున్న వెలుగే. ఆ తీగలు కొన్ని నా నెత్తి మీదుగా అవతలి ఇళ్లకీ వెళ్లేవి. ఎండాకాలం సాయంత్రం అవి జుమ్మని మోగుతుంటే, నేను విడదీయలేనివి కూడా ఉన్నాయని ప్రాణం లేచొచ్చేది.

యుద్ధం వద్దన్నవాళ్ల గురించి నేను సైనికుల మాటల్లోనే విన్నాను. 2003 ఫిబ్రవరి 15న, ఇంకా ఒక్క బాంబు పడకముందే, లండన్‌లో, రోమ్‌లో, ప్రపంచమంతా వందలాది నగరాల్లో లక్షల జనం రోడ్ల మీదకొచ్చారట. అప్పటికి నేను ఇసుకనే. ఆ జనం మాట చెల్లి ఉంటే ఇసుకగానే మిగిలేదాన్ని. ఆ జులైలో అమెరికా అడిగితే మీ దేశం కూడా సైన్యాన్ని పంపలేమంది. ఓ రాత్రి నా నీడలో కూర్చున్న ఇరవై ఏళ్ల సైనికుడు, ఇరాక్ నుంచి వెనక్కి రప్పించమని అమెరికా కాంగ్రెస్‌కి పంపిన అర్జీలో సంతకం పెట్టానని పక్కవాడికి మెల్లగా చెప్పాడు. ఆ అర్జీలో వెయ్యిమందికి పైగా సైనికుల సంతకాలున్నాయి. పక్కవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘నాకూ ఆ కాగితం చూపించు’ అన్నాడు. తెల్లారాక ఇద్దరూ తుపాకులెత్తుకుని ఇళ్ల తలుపులు తట్టడానికి వెళ్లారు. ఆ ఇళ్లలో పిల్లలు బూట్ల చప్పుడు వింటే గోడకి అతుక్కుపోయేవారు. అది నాకు తెలుసు, ఆ పిల్లలే సాయంత్రం నా దగ్గర ఆడేవాళ్లు.

నా లోపలివైపు సుద్దముక్కతో గోల్‌పోస్టు గీశారు వాళ్లు. సుద్ద చెరిగిపోతోందని ఎవరో నల్ల రంగు తెచ్చి మళ్లీ గీశారు. అవతలివైపు పిల్లలూ ఇంకో గోల్ గీసుకున్నారు. రెండువైపులా బంతి దెబ్బలు నా ఒంటి మీదే.

ఆ 2007లోనే ఫుట్‌బాల్ ఆసియా కప్ జరిగింది. స్వదేశంలో సాధన చేసే వీలు కూడా లేని జట్టు ఇరాక్‌ది. జులై 25న సెమీస్ గెలిచామని జనం వీధుల్లో నాట్యం చేస్తుంటే కారు బాంబులు దాదాపు యాభైమందిని తీసుకుపోయాయి. 29న జకార్తాలో సౌదీతో ఫైనల్. సంబరం మళ్లీ చావు తెస్తుందన్న భయంతో జనం ఇళ్లలోనే టీవీల ముందు కూర్చున్నారు. జనరేటర్ల హోరు తప్ప మొహల్లాలో చప్పుడు లేదు. కుర్దు కుర్రాడు హవార్ ముల్లా మొహమ్మద్ కార్నర్ కొట్టాడు. కెప్టెన్ యూనిస్ మహమూద్ గాల్లోకి లేచి తలతో బంతిని వలలోకి పంపాడు.

కేక నాకు తూర్పు నుంచి తగిలిందో పడమర నుంచి తగిలిందో చెప్పలేను. రెండువైపుల నుంచీ ఒక్క క్షణంలోనే వచ్చింది. నాలోని ఊచలు అదిరాయి. ఆట అయ్యాక ఇవతలి కుర్రాళ్లు నన్ను అరచేతులతో బాదారు. అవతలివాళ్లూ బాదారు. వీళ్లు మూడు దెబ్బలు కొడితే వాళ్లు మూడు. చాలాసేపు అలా మాట్లాడుకున్నారు నా మీద. ఆ రాత్రే యూనిస్ మహమూద్ ప్రపంచ విలేఖరుల ముందు అమెరికా మా దేశం వదిలి వెళ్లిపోవాలని చెప్పాడు.

మూసి ఉంచిన ఇమాముల వంతెనని 2008 నవంబరులో మళ్లీ తెరిచారు. విదేశీ సైన్యం 2011 డిసెంబరులో కువైట్ దారి పట్టింది. గోడలు వెంటనే పోలేదు. మమ్మల్ని తీసేవాళ్లు, పేలుడు జరిగితే మళ్లీ పెట్టేవాళ్లు. 2019 అక్టోబరులో తమ దేశం తమకు కావాలంటూ తహ్రీర్ చౌక్‌లో కూర్చున్న కుర్రాళ్లకి ఎదురుగా జమ్హూరియా వంతెన మీద నా తోటివాళ్లనే అడ్డం పెట్టారు. ఈసారి అడ్డం పెట్టింది సొంత ప్రభుత్వం. కాల్పుల్లో వందలమంది పోయారు.

నన్ను మాత్రం అప్పటికే పీకేశారు. ఊరి చివర ఓ ఖాళీ జాగాలో పక్కకి పడుకోబెట్టారు. ఎత్తేటప్పుడు అంచు విరిగి ఒక ఊచ బయటికొచ్చింది, తుప్పు పట్టింది. పిల్లలు గోల్‌పోస్టు గీసిన వైపు నేలకి ఆనుకుని ఉంది. అక్కడ వాన పడదు. ఆ నల్ల గీతలు ఇంకా ఉన్నాయి.