నల్లగుడ్డులో తెల్లచుక్క

పల్నాడులో ఫిబ్రవరి వచ్చిందంటే ఊళ్ళకు ఊళ్ళే ఎర్రబడతాయి. ఆ బడి ప్రహరీని ఆనుకునే మిరపకాయల కల్లం ఉంది. 42 మంది పిల్లలున్న చిన్న బడి. నన్ను పిలిపించిన హెడ్మాస్టారు ఒకే మాట చెప్పారు: "పాస్‌పోర్టు ఫోటోలు వద్దు బాబూ. పెద్దయ్యాక చూసుకుంటే, ఈ వయసులో తామెలా ఉండేవాళ్ళో వాళ్ళకు తెలియాలి."

పెళ్ళిళ్ళు తీసి బతికే నాకు ఆ మాట మనసుకు పట్టింది. ఫ్లాషులూ స్టాండ్లూ స్టూడియోలోనే వదిలేసి, కెమెరా, ఒక 85 లెన్సు, ఓ థర్మోకోల్ షీటు పట్టుకుని బయల్దేరాను. పసిమొహానికి పగటి వెలుగును మించింది లేదని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

కానీ ఆ వెలుగు ఎక్కడ పడితే అక్కడ దొరకదు. పది గంటల ఎండలో నిలబెడితే పిల్లలు కళ్ళు చికిలించారు. కనుబొమల కింద గుంటలు, ముక్కు కింద మీసంలా నీడ. వేపచెట్టు కిందికి మార్చాను. ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ బుగ్గల మీద పొడలు పొడలుగా పడింది. ప్రహరీ నీడ బాగుందనుకున్నాను గానీ, తీసింది పెద్దది చేసి చూస్తే గడ్డాల కింద ఎరుపు. కల్లం మీద పడ్డ ఎండ మిరపకాయ రంగును మోసుకొచ్చి పిల్లలకు పూస్తోంది. వెలుగు దేన్ని తాకి వస్తే దాని రంగు తెస్తుంది. మన కన్ను సర్దుకుపోతుంది, కెమెరా సర్దుకోదు.

చివరికి బడికి ఉత్తరం వైపున్న వసారా కుదిరింది. అందులోకి ఎండ రాదు, ఎదురుగా బోలెడు ఆకాశం. పిల్లను గచ్చు అంచుకు ఒక్క అడుగు లోపల, మొహం బయటికి పెట్టి నిలబెడితే, వెనక తరగతి గదిలోని చీకటే నల్లతెర అయింది. చర్మం మీద వెలుగు మెత్తగా దిగింది. ఒక్కటే లోపం. ముందున్నది నల్లరేగడి నేల. తనమీద పడ్డ వెలుగును అది తాగేస్తుంది, తిరిగి ఇవ్వదు. కళ్ళలో జీవం లేదు. నల్లగుడ్డులో ఓ తెల్లచుక్క మెరిస్తేనే ఫోటోలో మనిషి మనల్ని చూస్తున్నట్టుంటుంది. థర్మోకోల్ షీటు తెచ్చుకున్నది అందుకే. మెట్లు దిగి నాలుగడుగుల అవతల, ఎండలో నిలబడి, ఎవరైనా దాన్ని వసారా వైపు తిప్పి పట్టుకోవాలి.

ప్రహరీ పక్కన ఒక పిల్ల పొద్దుటి నుంచీ నిలబడి చూస్తోంది. తొమ్మిదేళ్ళుంటాయేమో. ఎర్ర గౌను, చంకలో తమ్ముడు. "మన బడి పిల్ల కాదులెండి. కర్నూలు వైపు నుంచి కాయ కోతకొచ్చిన కూలీల పిల్ల. సంక్రాంతి దాటాక వస్తారు, ఏప్రిల్లో వెళ్ళిపోతారు" అన్నారు మాస్టారు. రమ్మని చెయ్యి ఊపాను. తమ్ముణ్ణి వసారా మూల కూర్చోబెట్టి, చేతికో థర్మోకోల్ ముక్క ఇచ్చి, షీటు అందుకుంది.

అంత త్వరగా పని పట్టుకున్నవాళ్ళను నా స్టూడియోలో కూడా చూడలేదు. షీటు ఎటు తిప్పితే మొహం మీదికి వెలుగు వస్తుందో రెండో ఫోటోకే తెలుసుకుంది. సూర్యుడు జరిగే కొద్దీ, నేను చెప్పకుండానే తానూ జరిగింది. ఒక్కసారి మాత్రం షీటు కిందికి జారి, ఎండలో ఉన్న ఆ ఎర్ర గౌను రంగు ఎక్కడ బుగ్గల మీదికి వస్తుందోనని భయం వేసింది. మిరపకాయలు నేర్పిన పాఠం కదా. "పైకెత్తమ్మా, గౌను కనపడకూడదు. మొహానికి కూడా అడ్డం పెట్టుకో" అన్నాను. ఇంక సాయంత్రం దాకా షీటు దించలేదు.

పిల్లల్ని తీసేటప్పుడు మోకాళ్ళ మీదే ఉంటాను. పైనుంచి తీస్తే వాళ్ళు మనకంటే చిన్నవాళ్ళన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. 1908 నుంచి అమెరికా మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల్ని ఫోటోలు తీసిన లూయిస్ హైన్ నాకు గురువుతో సమానం. పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో కొలుచుకుని, చేతిని జేబులోనే ఉంచి పేరూ వయసూ రహస్యంగా రాసుకునేవాడని చెబుతారు. నేనూ మాస్టారిచ్చిన జాబితాలో ఒక్కో పేరు ఎదుట ఫోటో నంబరు రాసుకుంటూ తీశాను. షట్టరు సెకనులో 500వ వంతు, ఫోకసు దగ్గరి కంటి మీద. నవ్వమని ఎవరికీ చెప్పలేదు. చెబితే పళ్ళు కనిపిస్తాయి, నవ్వు కనిపించదు. "మీ ఇంట్లో నీ మాట ఎవరు వింటారు?" అని అడిగి, జవాబు వెతుక్కునే ఆ క్షణం కోసం కాచుకున్నాను.

ఒకటో తరగతి పిల్లాడొకడు తల ఎత్తనే లేదు. అప్పుడు షీటు వెనక నుంచి కోయిల కూసింది. వాడు చటుక్కున చూశాడు. ఆ చూపు దొరికింది. ఆ తర్వాత ఎవరు బిగుసుకుపోయినా షీటు వెనక కోయిలో, మేకపిల్లో, ఆర్టీసీ బస్సు హారనో వినిపించేది.

మూడున్నరకు 42వ పేరు అయిపోయింది. ఆ పిల్ల షీటు తెచ్చి గోడకు ఆనించింది. చేతులు విదుల్చుకుంది. "అందరియీ అయిపోయినాయా?" అంది.

"అయిపోయాయమ్మా."

కెమెరా సంచిలో సర్దుతున్నా అక్కడే నిలబడి ఉంది. గుర్తొచ్చి, జేబులోంచి 50 రూపాయలు తీసి ఇచ్చాను. తీసుకుని, తమ్ముణ్ణి చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

నేను ఇంతవరకు తీసినవాటిలో ఆ రోజు ఫోటోలంత మంచివి లేవు. కోయిల కూతకు తలెత్తిన ఆ పిల్లాడి ఫోటో పెద్దది చేసి స్టూడియో గోడకు తగిలించాను.

ఏప్రిల్ చివర, మిట్టమధ్యాహ్నం ఇద్దరు మనుషులు స్టూడియోకు వచ్చారు. ఒకరు కూలీల మేస్త్రి. రెండో మనిషి గడప దగ్గరే ఆగిపోయాడు. "ఊరికి పోతాంటే రైల్వే స్టేషన్లో జనంలో పాప తప్పిపోయినాది సామీ. నాలుగు దినాలాయె. పోలీసులు ఫోటో అడుగుతుండారు. ఆధార్ కార్డులో ఉండేది చంటిపిల్లప్పటిది, గుర్తుపట్టలేమంటిరి" అన్నాడు. తర్వాత కూతురి పేరు చెప్పాడు. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. "దినమంతా ఫోటోలాయన దగ్గరే ఉన్నానని చెప్పింది. నీ కాడ ఒక్కటన్నా ఉంటాదని వస్తిమి."

కంప్యూటర్ తెరిచాను. 611 ఫోటోలు. మొదటి నుంచి చివరిదాకా చూశాను, మళ్ళీ చివరి నుంచి మొదటిదాకా చూశాను. పిల్లలందరి చూపూ నామీద కాదు, నా భుజం పక్కనుంచి ఆమె వైపే ఉంది. 85 లెన్సు ఎంత దగ్గరికి పోనిస్తే అంత దగ్గరికి పోయి తీసిన ఆ కోయిల పిల్లాడి ఫోటో తెరిచి, కన్నును పెద్దది చేసుకుంటూ పోయాను. నల్లగుడ్డులో తెల్లచుక్క. ఇంకా పెద్దది చేశాను. చుక్క పలకైంది. పలక రెండు అంచుల మీద రెండు నల్లటి మచ్చలు, చేతులు. కింద సన్నగా రెండు గీతలు, కాళ్ళు.

అతను మానిటర్ మీదికి వంగి ఆ రెండు గీతల మీద వేలు పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"ఈ తెల్ల అట్టను రవ్వంత పక్కకు జరుపు సామీ" అన్నాడు. "దీని వెనకాలే ఉండాది."