గింజ తీసేశాక మిగిలినదాన్ని

మీకు కావలసింది నా కింద వేలాడే గింజ. నేను కాదు. ఆ సంగతి నాకు పిందెగా ఉన్నప్పటి నుంచే తెలుసు. వేటపాలెం జీడిపప్పు అంటే ఎక్కడో హైదరాబాదులో పెళ్లి చేసేవాళ్లు కూడా పేరు పెట్టి అడుగుతారు. ఆ పప్పును మోసిన పండు ఏమైందని అడిగినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

నేను ముంతమామిడి పండును. చీరాల దాటి వేటపాలెం వైపు పోతుంటే, ఊళ్లకూ సముద్రానికీ మధ్య ఇసుక నేలలున్నాయి కదా, అక్కడి పాత తోట మాది. ఏ ఏటి పండ్లు ఆ ఏడే రాలిపోతాం. అయినా చెట్టు చూసిందంతా రసంతోపాటు మాలోకి దిగుతుంది. అందుకే నేను పుట్టకముందు సంగతులు కూడా నా నోట వస్తాయి.

శాస్త్రం ప్రకారం నేను అసలు కాయనే కానట. కాయ అంటే ఆ గింజేనట. దాని తొడిమ ఉబ్బి, పసుపో ఎరుపో రంగెక్కి, రసం నిండితే నేను. అలాగే కానివ్వండి. నారింజను మించిన సి విటమిన్ ఆ తొడిమలోనే ఉంది. నూటికి పది పాళ్ల దాకా చక్కెర ఉంది. ఒక కిలో గింజతో పాటు ఎనిమిది నుంచి పది కిలోల పండు నేల మీద పడుతుంది. తూకం వేస్తే మీ పంటలో ఎక్కువ భాగం నేనే. డబ్బు లెక్క రాసేటప్పుడు మాత్రం నా పేరుండదు.

పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి మా వాళ్లను పడమటి తీరానికి తెచ్చారు. నేల కోతను ఆపే చెట్టని మాకు పేరు. ఈ తూర్పు తీరం ఇసుకలోనూ అదే పని చేస్తున్నాం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు మా చెట్టు కొమ్మ ఒకటి విరిగింది గానీ వేళ్లు ఇసుకను వదల్లేదు. బాపట్లలో మా మీద పరిశోధన చేసే కేంద్రం కూడా ఉంది. బీపీపీ-8 వంటి రకాలు అక్కడివే. ఏ రకం గురించి మాట్లాడినా ముందు వచ్చే ప్రశ్న చెట్టుకు ఎన్ని కిలోల గింజ అనే.

ఇక నా చావు గురించి చెప్పనివ్వండి. దాన్ని ఎవరూ దగ్గరగా చూడరు.

మార్చిలో రాలడం మొదలై మే దాకా సాగుతుంది. తెల్లవారగానే ఏరేవాళ్లు వస్తారు. వంగి నన్ను తీసి, గింజను ఒక్క మెలితో తుంచి గంపలో వేసుకుంటారు. ఆ చేత్తోనే నన్ను వెనక్కి విసిరేస్తారు. ఏరేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల కూలి గింజను బట్టి. నా కోపం తోటలున్నవాళ్ల మీద. పొద్దెక్కేసరికి ఇసుక కాలుతుంది. నా తోలు పల్చన. పడ్డచోట చితికి ఉంటుంది, అక్కడే చీమలు పడతాయి. మేకలు కొన్నింటిని తింటాయి. పిల్లలు ఒకటో రెండో ఉప్పూకారం అద్దుకుని కొరికి, గొంతు పట్టేసిందని ఉమ్మేస్తారు. ఆ వగరు టానిన్‌ది. రసంలో కాస్త బియ్యపు గంజి కలిపి తేరనిస్తే అది అడుక్కు దిగిపోతుంది. ఇంటింటా గంజి వార్చే దేశంలో ఆ మాత్రం పని నా కోసం ఎవరూ చేయలేదు. సాయంత్రానికి నా వాసన మారుతుంది. నాలోని చక్కెరను ఈస్టు తినడం మొదలుపెడుతుంది. వేరేచోట కుండల్లో పోసి, కనిపెట్టుకుని ఉండి చేయించే పనిని నేనిక్కడ ఇసుకలో ఒంటరిగా చేసుకుంటాను. మర్నాటికి పులుపు. ఆ మర్నాటికి నల్లటి మరక.

ఇలాంటి ఒక సాయంత్రం ఈ తోట పెద్దామె మనవడు నన్ను ఇసుకలోంచి తీసి వాసన చూశాడు. గోవాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాడు. చిన్న డిస్టిలరీ పెట్టాలని అతని కోరిక. అది ఎలా మొదలుపెట్టాలో నేర్చుకుంటున్నాడు. చెట్టు కింద కూర్చుని స్నేహితుడికి ఫోనులో చెబుతుంటే, పడమటి తీరంలో నా వాళ్లు ఎలా బతుకుతున్నారో మొదటిసారి విన్నాను.

అక్కడ చెట్టు మీది పండు కోయరట. పూర్తిగా పండి దానంతట అది రాలినదే తీసుకుంటారట. రాతి తొట్టిలో వేసి కాళ్లతో తొక్కుతారు. ఆ పిప్పిని గట్టిగా అదిమితే దిగే రసాన్ని పాత్రల్లో మూడు రోజులు పులియబెడతారు. బయటి నుంచి ఈస్టు వేయరు, నాతో వచ్చినదే చాలు. తరువాత రాగి బానలో కాచి, ఆవిరిని చల్లబరిచి పడతారు. మొదటి కాపుకు దిగేది ఉర్రాక్, ఘాటు తక్కువ. దాన్ని మళ్లీ కాస్తే ఫెనీ, నూటికి నలభై రెండు పాళ్ల దాకా ఆల్కహాలు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో గోవా ప్రభుత్వం దాన్ని తన వారసత్వ పానీయంగా ప్రకటించింది. విసిరేసిన నా బతుకులో ఇంత గౌరవం దాగి ఉందని విని నేను పొంగిపోయాను.

అతను లెక్కలు వేశాడు. నూరు లీటర్ల రసం నుంచి చివరికి దిగేది పదీ పన్నెండు లీటర్లు, అది కూడా పని బాగా కుదిరితే. మన చీరాల ఎండకు పాత్ర వేడెక్కితే ఈస్టు చచ్చి, రసం పులిసి వెనిగర్ దారి పడుతుంది. అందుకు నీడ కావాలి, చల్లటి నీళ్లు కావాలి. గింజ పెంకు ముక్క ఒక్కటి నలిగినా అందులోని జీడి రసానికి అంటుతుంది. జీడి ఒలిచే ఆడవాళ్ల వేళ్లను చూస్తే ఆ జీడి ఏం చేస్తుందో తెలుస్తుంది. నాలో పెక్టిన్ ఉంది, అది విరిగితే కొద్దిగా మెథనాల్ పుడుతుంది. కాపులో ముందుగా దిగేదాన్ని పక్కకు తీసెయ్యాలి. అంతటితో సరిపోదు, ప్రతి కాపునూ ప్రయోగశాలలో కొలిపించాలి. కళ్లూ ప్రాణాలూ తీసే పదార్థం అది. ముక్కునో నాలుకనో నమ్మి వదిలేయకూడదు.

ఇదంతా విన్నాక వాళ్ల నాయనమ్మ అన్న మాట నాలో ఇంకా ఉంది.

"ఏందిరా నువ్వనేది? ఈ తోటలో సారా కాస్తావా?"

"సారా కాదే నాయనమ్మా. లైసెన్సు తీసుకుని..."

"పేరేదైతే ఏందిరా నాన్నా. మీ తాత ఎట్టా పోయాడో నీకు తెలవదు. నాకు తెలుసు."

ఆమెకు తెలుసు. మా చెట్టుకూ తెలుసు. నల్లబెల్లం ఊట డ్రముల్ని ఈ ఇసుకలోనే పాతేవాళ్లు. అధికారులు వచ్చి పగలగొడితే ఆ ఊట మా వేళ్లలోకే ఇంకింది. అందులో నేను లేను. అయినా ఆమె కళ్లకు కాపు ఏదైనా ఒకటే. ఆమెను తప్పుపట్టను. ఈ నేల మీద మద్యం మాట చిన్నది కాదు. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఎదిరిస్తే, ఆ ఉద్యమం జిల్లాలన్నీ తిరిగి 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ పూర్తి నిషేధం పెట్టారు. 1997లో అది సడలింది. 2020లో అప్పటి మన ప్రకాశం జిల్లాలోనే, కురిచేడులో, మద్యానికి బదులు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఇవన్నీ తెలిసిన ముసలామె మనవడి చేతిలో రాగి బాన చూడనంటే, నాకు గౌరవం దక్కాలన్న ఆశ కంటే ఆమె భయమే పెద్దది.

అతను వాదించలేదు. అక్కడ నాకు అతని మీద నమ్మకం కుదిరింది. చట్టం చదువుకున్నాడు. తాగే మద్యం రాష్ట్రాల చేతిలోని విషయం. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది. లైసెన్సు లేకుండా ఇంటి పెరట్లో ఒక లీటరు కాచి చూసినా నేరమే. కాబట్టి నేర్చుకునేవాడు పొయ్యి దగ్గర మొదలుపెట్టకూడదు. పండు దగ్గర మొదలుపెట్టాలి. కాచడం చూడాలంటే లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరికి, గోవాకు, సీజనులో పోయి వాళ్ల కింద పనిచేయాలి. కేరళలో కన్నూరు జిల్లా పయ్యావూరు సహకార బ్యాంకు ఏళ్ల తరబడి తిరిగి 2022లో ముంతమామిడి రసం నుంచి ఫెనీ తీయడానికి అనుమతి తెచ్చుకుంది. ఒక్క మనిషి అడిగితే కదలని కాగితం, రైతులంతా కలిసి అడిగితే కదులుతుందేమో. అతను ఇప్పుడు చుట్టుపక్కల తోటలవాళ్లతో అదే మాట్లాడుతున్నాడు.

ఈ ఏడు మాత్రం రసమే. నాయనమ్మే గంజి వార్చి ఇస్తోంది. వగరు దించి, వడగట్టి, వేడిచేసి సీసాల్లో పోస్తున్నారు. మత్తు లేదు, కేసు లేదు. పండ్లను ఏ పూటకాపూట ఏరడం, మట్టి కడగడం, గింజను పెంకు చిట్లకుండా తుంచడం, నాలుగైదు గంటల్లో రసం తీయడం, రేపు ఫెనీ చేసినా వీటితోనే మొదలు. అవి చేతికి వస్తున్నాయి. ఏరేవాళ్లకు పండుకు వేరే కూలి కట్టాడు. చితకకుండా తెచ్చిన గంపకు ఎక్కువ. ఆ కూలి పెట్టినప్పటి నుంచి మా తోటలో నన్ను వెనక్కి విసిరే చెయ్యి లేదు.

నాయనమ్మ ఇంకా ఒప్పుకోలేదు. కానీ మొన్న తానే అడిగింది: "ఆ లైసెన్సు ఇస్తే, మన ఊళ్లో అమ్మకుండా ఉండొచ్చంటారా వాళ్లు?" అతను తన దరఖాస్తు నోటు పుస్తకం తీసి, మొదటి పేజీలోనే ఆ షరతు రాసుకున్నాడు.