సోమవారం సంకల్పరావు

నిజామాబాద్ పాలిటెక్నిక్ గ్రౌండ్‌లో తెల్లారుజామున నడిచేవాళ్లను లెక్కబెట్టి ఈ ఊళ్లో వ్యాయామం సంగతి తేల్చేద్దామంటే సగమే తేలుతుంది. మిగతా సగం ఇంకా ఇంట్లోనే ఉంది, ఫ్యాన్ కింద, నోటుబుక్కు ముందు. ఆ సగానికి సంకల్పరావు అని పేరు పెట్టుకుందాం. ఒక్క మనిషి కాదు, వినాయక్‌నగర్ నుంచి బోధన్ శక్కర్‌నగర్ దాకా గల్లీకొకడు ఉంటాడు. అతని నోటుబుక్కు చూడాలి. అట్టకు నాలుగు మూలలా పసుపు, మన ఊళ్లో దానికి కరువు లేదు కదా. లోపల స్కేలుతో గీసిన గడులు. ఎర్ర సిరాతో ఇప్పటి బరువు 86, పచ్చ సిరాతో కావలసిన బరువు 68. కింద వరసగా: అలీసాగర్ దాకా పరుగు, బోధన్ దాకా సైకిలు, సిక్స్ ప్యాక్. గడువు దగ్గర ‘దసరా’ అని ఉంటుంది, ఏ ఏటి దసరానో ఉండదు. మంచం కింద డబ్బాలో బూట్లున్నాయి. కంపెనీవాడు ముందుభాగంలో కుక్కిన కాగితపు ఉండ ఇంకా అందులోనే ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నవాడు ఇతన్ని చూసే అని ఉంటాడు.

లోకం ఇతన్ని బద్ధకస్తుడంటుంది. ఆ మాట ఒప్పుకోవడానికి వీల్లేదు. బద్ధకస్తుడికి రెండు రంగుల సిరా ఎందుకు? పిక్కలు పట్టేయకుండా పరుగెత్తడమెలాగో అర్ధరాత్రి దాకా వీడియోలు చూసేవాడు శ్రమజీవే. ఆరంభశూరుడని కూడా అనలేం, దానికి ఆరంభమైనా ఉండాలి. మూఢంలో కొత్త పని వద్దు, శ్రావణంలో పూజలు, కార్తీకం దాటితే పెళ్లిళ్లు, సంక్రాంతికి సకినాలు, మే నెలలో ఇందూరు, అంటే మన నిజామాబాద్ ఎండ. ఇక మిగిలేది సోమవారం ఒక్కటే. ‘‘సోమారం నుంచి పక్కా షురూ జేస్తున్న’’ అంటాడు. ‘‘ఏ సోమారమో గది గూడ రాసుకోరాదుండ్రి’’ అంటుంది ఇల్లాలు. ఆమె ఎగతాళికే అన్నా, అసలు లోపం ఎక్కడుందో అక్కడే వేలు పెట్టింది. సంకల్పరావు తప్పు సంకల్పించడం కాదు, సంకల్పం సరిగ్గా చెప్పకపోవడం. సత్యనారాయణ వ్రతానికి కూర్చున్నప్పుడు పంతులుగారు ఏం చెప్పిస్తారో గుర్తు తెచ్చుకోండి. ద్వీపం, ఖండం, ఏ నదికి ఏ దిక్కున ఉన్నామో అది, సంవత్సరం, మాసం, తిథి, వారం, గోత్రం, పేరు, అన్నీ అయ్యాకే కోరిక. సృష్టిలో ఫలానా చోట, ఫలానా రోజున, ఫలానావాడు పీట మీద దొరికిపోయాడని ముందుగా రూఢి చేస్తారన్నమాట. మన రావు ఇవన్నీ ఎగరగొట్టి నేరుగా కోరిక దగ్గరికి పోతాడు. చివర్లో నీళ్లు వదలడం మాత్రం మరచిపోడు.

ఇది పంతులుగారి పక్షాన చెబుతున్న మాటే కాదు. బ్రిటన్‌లో సారా మిల్నే, షీనా ఆర్బెల్, పాస్కల్ షీరన్ అనే పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. 248 మంది విద్యార్థులను మూడు జట్లుగా చేశారు. మొదటి జట్టుకు ఏ బోధా లేదు. రెండో జట్టుచేత వ్యాయామం చేస్తే గుండెకు ఎంత మంచిదో చదివించారు. మూడో జట్టుకు అది చదివించి, వచ్చే వారం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ వ్యాయామం చేస్తారో రాసిమ్మన్నారు. ఆ వారంలో కనీసం ఒక్కసారి 20 నిమిషాలు ఒళ్లు వంచినవాళ్లు మొదటి జట్టులో 38 శాతం, రెండో జట్టులో 35 శాతం, మూడో జట్టులో 91 శాతం. ఉపదేశం విన్నవాళ్లు విననివాళ్లకంటే ముందేమీ లేరు. తిథి, వారం రాసినవాళ్లు లేచి కదిలారు. ఒక్క వారం లెక్క చూసి జన్మంతా ఇంతే అనలేం గానీ, సంకల్పరావుకు ఇంకా ఆ మొదటి వారమే రాలేదు కదా. పోనీ జిమ్‌లో డబ్బు కడితే ఆ డబ్బు నొప్పికైనా కదులుతాడంటారా? డెల్లావిగ్నా, మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌ల రికార్డులు తిరగేసి 2006లో లెక్క బయటపెట్టారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున నెలకు నాలుగుసార్ల చిల్లర పోయారు. పోయిన ఒక్కోసారికి 17 డాలర్లకు పైనే పడింది. పదిసార్ల పాసు కొనుక్కుంటే పదేసి డాలర్లతో పోయేది. అంటే సంకల్పరావు ఇందూరు వింత కాదు, డాలర్ల దేశంలో కూడా అతనికి బంధువర్గం ఉంది.

ఇక్కడ సంకల్పరావు దగ్గర బ్రహ్మాస్త్రం ఒకటుంది. గురి పెద్దది పెట్టుకోకపోతే ఈ గడ్డ మీద నిఖత్ జరీన్, మాలావత్ పూర్ణ ఎట్లా పుట్టేవారంటాడు. మంచి ప్రశ్నే. పాకాల గ్రామం పిల్ల పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. కానీ ఆ పిల్ల మొదట ఎక్కింది ఎవరెస్ట్ కాదు, భువనగిరి గుట్ట. ఆ తర్వాత డార్జిలింగ్, తర్వాత లద్దాఖ్ చలి, అటు పిమ్మట ఎవరెస్ట్. నిఖత్ సంగతి ఇంకా ముచ్చటైనది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు, 50 కిలోలదుంది. అందుకని 50కి దిగింది, అదే ఏడాది కామన్‌వెల్త్ క్రీడల్లో, 2023లో ఢిల్లీ ప్రపంచ పోటీల్లో ఆ బరువులోనే బంగారు పతకాలు కొట్టింది. ప్రపంచ విజేత ఒక కారణం చూసుకుని, ఒక తేదీ ముందు పెట్టుకుని తగ్గాలనుకున్నది 2 కిలోలు. మన రావు ఏ కారణమూ లేకుండా, ఏ దసరాకో చెప్పకుండా రాసుకున్నది 18. గురి పెద్దదైతే తప్పేం లేదు, మొదటి మెట్టు కనబడాలి. అది కనబడనివాడే ఎప్పుడో ఒక ఆదివారం ఆవేశం పట్టలేక ఒక్కసారే ఐదు కిలోమీటర్లు ఉరికి, సోమవారానికి మోకాలు పట్టుకుని ఖలీల్‌వాడీలో డాక్టరు గది ముందు టోకెన్‌తో కూర్చుంటాడు.

ఇంకో ఆక్షేపణ పెద్దవాళ్లది. మా కాలంలో చెరకు నరికాం, బస్తాలు మోశాం, లక్ష్యాలూ గిక్ష్యాలూ ఎవరికి తెలుసంటారు. తెలియకేం? అవి గోడ మీద రాయలేదు, అంతే. బీడీలు చుట్టే ఆడమనిషిని చూడండి. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తూకం వేసి ఇచ్చిన తంబాకు. కూలి వెయ్యి బీడీల లెక్క. కట్ట కట్టగా కూడుతుంది, సాయంత్రం లెక్క అప్పజెబుతుంది. ఆమె నడుమునొప్పిని వ్యాయామమని పొగడటం అన్యాయమే, కానీ ఎంత, ఎప్పటికి అన్నది ఆమెకు తెలిసినట్టు సంకల్పరావుకు తెలియదు. చెరకు రైతూ అంతే. బోధన్ ఫ్యాక్టరీ ఆడిన రోజుల్లో కటింగ్ ఆర్డరు రాకుండా కత్తి దించేవాడు కాదు. నరికిన గడ ఎండలో పడి ఉంటే బరువూ పోతుంది, తీపీ పోతుంది, ఆ రోజుకారోజు గానుగకు చేరాల్సిందే. సంకల్పరావు ప్రతి ఆదివారం రాత్రి ఉత్సాహాన్ని మొదలంటా నరుకుతాడు, బండి కట్టేది మాత్రం వచ్చే వారం. (ఫ్యాక్టరీ అంటే గుర్తొచ్చింది. 1937లో పుట్టి ఆసియాలోనే పెద్దదనిపించుకున్న నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామన్న మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కేసుకుంటే, సంకల్పరావును ఒక్కణ్నే చూసి నవ్వడం న్యాయం కాదనిపిస్తుంది.)

మరి ఎంతతో మొదలుపెట్టాలి? చేతి గడియారం పదివేల అడుగులంటుంది. ఆ అంకె ఏ వైద్యుడూ తేల్చింది కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కించే యంత్రం అమ్మినవాళ్లు దానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు కదలిక. విడగొడితే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ఆ అరగంట కూడా లేనివాడికి ఎంతో కొంత కదలికైనా సున్నాకంటే మేలని ఆ సంస్థే అంటుంది. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు, మంగళవారం, పొద్దున ఆరింటికి, ఆ డబ్బాలో బూట్లతో. ఇంత చిన్న వాక్యం రాయడానికి సంకల్పరావుకు నామోషీ. ఇది నెరవేరిందో లేదో మంగళవారం ఆరున్నరకల్లా ఇల్లాలికి తెలిసిపోతుంది. 68 కిలోల కలలో ఆ ప్రమాదం లేదు.

బోధన్‌ను ఏకచక్రపురమంటారు, భీముడు బకాసురుణ్ని చంపింది అక్కడేనని స్థలపురాణం. భీముడికి చోటు తెలుసు, వంతు ఏ రోజో తెలుసు, బండి తోలుకుని ఒక్కడే పోయాడు. ముందు బండెడన్నం తిని, ఆ తర్వాత లేచి పని ముగించాడు. సంకల్పరావుకు ఈ కథంటే మహా ఇష్టం, బండి ఖాళీ అయ్యేదాకా తు.చ. తప్పకుండా పాటిస్తాడు.