గాలి కోసం కట్టిన ఇల్లు

నన్ను గాలి కోసం కట్టారు. వేసవిలో రాజధాని హంపిలో బండలు పెనంలా కాలుతుంటే విజయనగర రాయలవారి కుటుంబం పెనుకొండ నీడకు, అంటే ఘనగిరికి, వచ్చేది. ఆ విడిదిని నేను. పేరు గగన్ మహల్. కింద సుల్తానుల పద్ధతి కమానులు, పైన గుడి విమానంలా అంచెలంచెలుగా లేచిన శిఖరం. యుద్ధభూమిలో తలపడ్డవాళ్ళ పనితనం నా ఒంట్లో కలిసిపోయింది. ఆ సంగతి ఎవరైనా గుర్తించి చెబితే నాకు ఇప్పటికీ సంతోషం.

1565 జనవరిలో దక్కను సుల్తానులతో రాక్షసతంగడి యుద్ధం జరిగింది, విజయనగరం ఓడింది. రాజ్యాన్ని నడిపిన అళియ రామరాయల తల తెగింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, రాజు సదాశివరాయలను వెంటబెట్టుకుని, ఖజానాను ఏనుగుల మీదికెక్కించి ఇటు వచ్చాడు. 550 ఏనుగులని చెప్పుకుంటారు. విడిది కాస్తా రాజధాని అయింది. వేసవికి వచ్చినవాళ్ళు తొలకరి పడగానే వెళ్ళిపోయేవాళ్ళు. ఈసారి వచ్చినవాళ్ళకు వెళ్ళడానికి ఊరు లేదు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని ఉత్తరం దిక్కు చూసేవాళ్ళు.

1567లో హంపిలో ఉన్న వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, రాజకొలువు 8 రోజుల ప్రయాణమంత దూరంలోని పెనుకొండకు తరలిందని రాసుకున్నాడు. తరవాత వెంకటపతిరాయల కాలంలో కొలువు చంద్రగిరికి వెళ్ళింది. కొండా, కోటా, నేనూ మిగిలాం. ఇప్పుడు దగ్గర్లో ఎర్రమంచి దగ్గర కార్లు తయారవుతున్నాయి. నా దగ్గరికి మాత్రం చిలకలూ, సెలవురోజు మనుషులూ వస్తారు.

వచ్చినవాళ్ళలో కొందరు గోడ మీద పేర్లు చెక్కుతారు. నా గచ్చు పాతది, పెచ్చు ఊడితే మళ్ళీ అతుక్కోదు. నడుము ఎత్తులో ఎన్ని పేర్లున్నాయో!

మొన్న కదిరి నుంచి ఒక అవ్వ, మనవడు వచ్చారు. ఇక్కడి బాబయ్య దర్గాకు తెచ్చిన మల్లెలు ఆమె ఒడిలో ఉన్నాయి.

"అవ్వా, రాజులు ఏడ పడుకుంటాండ్రి?"

"గాలి యాడ తగులుతాదో ఆడ, నాయనా."

వాడి చేతిలో మేకు ఉంది. మొన గచ్చుకు తాకింది. అవ్వ తిట్టలేదు. మేకు తీసుకుని కొంగున ముడేసుకుంది, వాడి చెంపను మెల్లగా నా గోడకు ఆనించింది.

"సల్లగుంది అవ్వా," అన్నాడు.