చేతికి ఆరో వేలు

నల్లమాడలో టీ అంగడి పెట్టుకున్నోడికి రెండు పేపర్లు తెప్పించక తప్పదు. ఒకటి ఒక పార్టీవాళ్లకి, ఇంకోటి ఇంకో పార్టీవాళ్లకి. ఎవరి పేపరు వాళ్లు చదువుకుని, ఎదుటివాడి పేపర్లో ఉన్నవన్నీ అబద్ధాలేనని తేల్చేసి, ఒకే గిన్నెలో కాగిన టీ తాగి లేస్తారు. తర్వాత వాన సంగతి. "ఈ కార్తెలో పడతాదప్పా" అని ఒకరు. "యాడ పడతాది? పోయినేడు గూడా ఇట్లే అంటివి" అని ఇంకొకరు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే ఈ సీమలో రెండోవాడి మాటే ఎక్కువసార్లు నెగ్గుతుంది. అయినా సబ్సిడీ సెనక్కాయ విత్తనాల వరసలో ఇద్దరూ ముందూ వెనకా నిలబడే ఉంటారు.

నల్లమాడ పేరు మీద ఒకప్పుడు శాసనసభ నియోజకవర్గమే ఉండేది. 2009 ఎన్నికల నాటికి పునర్విభజనలో ఆ పేరు పోయి పుట్టపర్తి వచ్చింది. 2022లో జిల్లా కూడా మారి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. ఉన్నచోటే ఉండి ఇన్ని మార్పులు చూసిన జనం, కుర్చీ మారిన నాయకుడు మాట మారిస్తే నోరెళ్లబెడతారా?

ఎదుటివాడి మాటతో సర్దుకుని బతికే విద్యలో పాత అనంతపురం జిల్లావాళ్లు గుర్తుచేసుకోవాల్సిన పెద్దమనిషి నీలం సంజీవరెడ్డి. 1913లో ఇల్లూరులో పుట్టారు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి ఆయనకు స్వయానా బావమరిది. బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అని సామెత. ఈ బావమరిది బతుకు కోరారేమో గానీ గెలుపు మాత్రం కోరలేదు. 1952 ఎన్నికల్లో అనంతపురంలో పోటీకి దిగి, కాంగ్రెస్ బావను ఓడించి కూర్చున్నారు. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మగారికి ఒకేరోజు పుట్టింటి గెలుపు, మెట్టినింటి ఓటమి! అవతలివాడి అభిప్రాయాన్ని ఎలా గౌరవించాలో నేర్పడానికి ఇప్పుడు కంపెనీలు స్టార్ హోటళ్లలో తరగతులు పెట్టిస్తున్నాయి. సంజీవరెడ్డిగారికి ఆ తరగతి పెళ్లిసంబంధంతోపాటే వచ్చింది.

పాఠం మాత్రం వెంటనే తలకెక్కలేదు.

1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలి. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణకు రావాల్సిన ఉప ముఖ్యమంత్రి పదవి మాత్రం రాలేదు. ఎందుకయ్యా అంటే, అది చేతికి ఆరో వేలు లాంటిదని ఆయన కొట్టిపారేశారట. ఆ మాటను తెలంగాణవాళ్లు దశాబ్దాలపాటు మరిచిపోలేదు. తమాషా ఏమిటంటే, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి సాక్షాత్తూ ఈయనే! అప్పుడా వేలు ఎక్కువైనట్టు ఎవరికీ తోచలేదు. తన చేతికి ఉన్నంతకాలం అది వేలే, పక్కవాడు అడిగేసరికి ఆరోది. ఆంధ్రప్రదేశ్‌లోనే 2019లో ఒకేసారి ఐదుగురు ఉప ముఖ్యమంత్రులయ్యారు. ఆరో వేలు కాస్తా అరచెయ్యి మొత్తాన్నీ ఆక్రమించింది.

అయితే మనిషి అక్కడే ఆగిపోలేదు. 1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఆయనకు ఇబ్బందిగా వచ్చింది. ఇవాళైతే నాయకుడు మైకు ముందుకొచ్చి, న్యాయస్థానాల మీద తనకు అపార గౌరవం ఉందని చెప్పి, ఆ గౌరవాన్ని కుర్చీలోంచి లేవకుండానే చాటుకుంటాడు. సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే కాంగ్రెస్ సభ్యత్వం కూడా వదులుకున్నారు. పార్టీ కండువా మెడలో ఉంటే చెవి ఒకవైపే వినబడుతుందని తన సంగతి తనకు తెలిసినట్టుంది. రాష్ట్రపతి ప్రసంగించిన రోజునే అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు అనుమతించిన స్పీకర్ కూడా ఆయనే.

1969లో ఆయన కాంగ్రెస్ తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమని ఇందిరాగాంధీ తన పార్టీవాళ్లకు పిలుపునిచ్చారు. పిలుపు రావడమే ఆలస్యం, ఎన్నేళ్లుగానో నిద్రపోతున్న అంతరాత్మలు ఢిల్లీలో గుంపుగా లేచి కూర్చున్నాయి. ప్రత్యర్థి వి.వి. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. పెద్దాయన అనంతపురం వచ్చి వ్యవసాయం చూసుకున్నారు.

1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌వి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది ఈయనే. రాష్ట్రమంతా ఒక మాట అంటుంటే రెండో మాటగా ఢిల్లీ వెళ్లి, మళ్లీ స్పీకరై, అదే ఏడాది జులైలో రాష్ట్రపతి అయ్యారు. అదీ ఏకగ్రీవంగా. నామినేషన్లు వేసినవాళ్లు 37 మంది, పరిశీలనలో 36 తిరస్కరించారు. ఈసారి అంతరాత్మలకు పని తగల్లేదు.

1980 జనవరి 14న ఇందిరాగాంధీ మళ్లీ ప్రధానిగా ప్రమాణం చేయడానికి రాష్ట్రపతి భవన్‌కు వచ్చారు. చేయించాల్సింది సంజీవరెడ్డి. ప్రమాణం చేయించేటప్పుడు రాష్ట్రపతి "నేను" అన్న ఒక్క మాట అందిస్తారు. మిగతా పాఠమంతా, రాగద్వేషాలు లేకుండా నడుచుకుంటాననే ముక్కతో సహా, ఎదుటివాళ్లే చదువుకోవాలి.